గడికో అక్షరం

ఏలూరు పేరును ఇంగ్లీషు గళ్ళలో నింపాలంటే అయిదు గళ్ళు కావాలి. తెలుగులో మూడు చాలు: ఏ, లూ, రు. తాడేపల్లిగూడేనికి అక్కడ పద్నాలుగు, ఇక్కడ ఆరు. పైకి ఇది రెండు లిపుల మధ్య చిన్న తేడాలా ఉంటుంది గాని, గళ్ళ నుడికట్టు మన ఇళ్ళలోకి వచ్చిన చరిత్ర అంతా ఆ తేడాలోనే ఉందని నా నమ్మకం. ఇది దొరల కాలక్షేపమని, పత్రికలతోపాటు మనకు అంటుకున్న అలవాటని చాలామంది అంటారు. పుట్టుక మటుకు వాళ్ళు చెప్పినట్టే జరిగింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రం ఆకారంలో గీసిన గళ్ళతో ఈ ఆట మొదలైంది. లండన్ టైమ్స్ 1930 దాకా దాన్ని గడప దాటనివ్వలేదు. అయితే ఒక ఆట ఎక్కడ పుట్టిందో చెప్పినంత మాత్రాన అది మరో నేలలో ఎందుకు వేరూనిందో చెప్పినట్టు కాదు. ఏలూరు, గూడెం, కొల్లేటి లంకల వైపు జనానికి గళ్ళు కొత్తగాని, గళ్ళలో అక్షరాన్ని కూర్చోబెట్టే విద్య కొత్త కాదు. ఆ విద్యను వాళ్ళు అప్పటికే పద్యం అనే పేరుతో ఎరుగుదురు.

ఉత్పలమాలను తీసుకోండి. పాదానికి ఇరవై అక్షరాలు. నాలుగు పాదాలను ఒకదాని కింద ఒకటి, గడికో అక్షరం చొప్పున రాస్తే ఎనభై గళ్ళ పట్టిక తయారవుతుంది. ప్రతి పాదంలో పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కుదరాలి. అది అడ్డం కట్టు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం హల్లు ఒకటే కావాలి. ఆ ప్రాస నిలువు కట్టు. పద్యం అల్లే మనిషి అడ్డాన్నీ నిలువునూ ఒకేసారి చూసుకుంటూ మాట వెతుక్కోవాలి. అష్టావధానంలో న్యస్తాక్షరి ఈ పనినే బయటపెట్టి చూపిస్తుంది. ఫలానా పాదంలో ఏడో చోట ఈ అక్షరం, ఫలానా పాదంలో పన్నెండో చోట ఆ అక్షరం పడాలని పృచ్ఛకుడు అడుగుతాడు. అవధాని కాగితం లేకుండా, మనసులోనే గళ్ళు గీసుకుని, ఆ అక్షరాలు తమ తమ చోట్ల పడేటట్టు పద్యం చెబుతాడు. ఈ విద్యకు 19వ శతాబ్దంలో కొత్త ప్రాణం పోసినవారిలో ముందు తలుచుకోవలసిన మాడభూషి వేంకటాచార్యులు నూజివీడు సంస్థానపు కవి. ఆ నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. తరవాత అవధానాన్ని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి భీమవరం దగ్గర ఎండగండిలో పుట్టారు. జంటకవులిద్దరూ చదువుకున్న చర్ల బ్రహ్మయ్య శాస్త్రి గారి బడి తాడేపల్లిగూడెం పక్కన కడియెద్దలో ఉండేది. మన కాలపు సహస్రావధాని గరికిపాటి నరసింహారావు గారిది ఆ పక్కనే పెంటపాడు మండలంలోని బోడపాడు అగ్రహారం. మహా అయితే ఒక పూట ప్రయాణంలో తిరిగిరాగల మేరలో ఇంతమంది ఉన్నారంటే, దాన్ని కాకతాళీయమని తోసెయ్యడం నాకు చేతకాదు.

అయితే అవధానం సభలో జరిగేది, గళ్ళు ఇంట్లో నింపేవి, ఆ రెండింటికీ చుట్టరికం ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. అవధానానికి ఛందస్సు చదవాలి, సంస్కృతం రావాలి. ఆ చదువు కొన్ని కులాల ఇళ్ళకే దక్కిందన్నది దాచకుండా ఒప్పుకోవలసిన చరిత్ర. పైగా అవధాని పద్యాన్ని కొత్తగా సృష్టిస్తాడు. గళ్ళు నింపేవాళ్ళు మరొకరు దాచిన మాటను వెతికి పట్టుకుంటారు. అందుకే అవధానం నుంచి గళ్ళ నుడికట్టు పుట్టిందని నేను అనడం లేదు. అక్షరాన్ని ఒక చోటు ఉన్న వస్తువుగా చూడడం ఇక్కడి చెవికి ముందే అలవాటై ఉందన్నదే నా మాట. దాచిన మాటను వెతికే అలవాటు వేరే దారిలో వచ్చింది, ఆ దారి ఇంకా విశాలమైనది. అరవై నాలుగు కళల్లో ప్రహేళిక ఒకటి. దండి తన కావ్యాదర్శంలో దాని రకాలను పదహారుగా లెక్కపెట్టాడు. అదే కళ బడి ముఖం చూడని ఇళ్ళలో పొడుపు కథ. నాట్లు వేస్తున్న మడిలోనో, పిల్లలు నిద్రకు వాలే అరుగు మీదో ఒకరు పొడుస్తారు, మిగతావాళ్ళు విప్పుతారు. పొడిచేవాళ్ళు వస్తువు పేరు చెప్పకుండా దాని గుణం చెబుతారు. నుడికట్టు ఆధారం చేసే పనీ అదే. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు స్వయంగా గళ్ళు కూర్చడానికి పూనుకున్నప్పుడు ఒకరు దానికి పదబంధ ప్రహేళిక అన్న పేరు వాడారు, మరొకరు గళ్ళ నుడికట్టు అన్నారు. మొదటి పేరులో దండి ఉన్నాడు, రెండో పేరులో అరుగు మీది నుడి ఉంది. ఇంగ్లీషు పేరును మక్కికి మక్కి దించుకోవలసిన అవసరం ఇద్దరికీ కలగలేదు.

ఇక గళ్ళ ముందు కూర్చున్నవాళ్ళ అవస్థ సంగతి. ఇంగ్లీషు గడిలో ఇరవై ఆరు అక్షరాల్లో ఒకటి పడుతుంది. తెలుగు గడిలో హల్లుకు గుణింతం తగులుకుంటుంది, కింద వత్తు చేరుతుంది, పక్కన సున్న కూర్చుంటుంది. వత్తుల జోలికి పోకుండా గుణింతాలు లెక్కవేసినా నాలుగు వందలు దాటుతాయి. అందుకే తెలుగులో గళ్ళు కూర్చేవాడికి కష్టం ఎక్కువ, రెండు మాటలు ఒకే అక్షరం దగ్గర కలవడం అంత తేలిక కాదు. నింపేవాడికి ఆ కష్టం సాయంగా మారాలి, ఎందుకంటే నిలువు మాట నుంచి వచ్చి పడిన ఒక్క అక్షరం సగం మాటను చెప్పేస్తుంది. కాని అన్నిసార్లూ చెప్పదు. ఈ ప్రాంతపు పేర్లనే చూడండి: ఏలూరు, కొల్లేరు, తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, ఉప్పుటేరు. చివరి గడిలో రు పడిందని సంబరపడితే ఊరూ రావచ్చు, ఏరూ రావచ్చు. పైగా మాట చివర ము రాయాలా, సున్నతో సరిపెట్టాలా అన్న తగాదా ఒకటి: పుస్తకం మూడు గళ్ళు, పుస్తకము నాలుగు. అక్షరాన్ని తిప్పడంలో మాత్రం తెలుగుకు దాని సుఖం దానికుంది. తల తిరగబడితే లత అవుతుంది. ఇంగ్లీషులో అచ్చుకూ హల్లుకూ వేర్వేరు గళ్ళు గనక తిప్పినప్పుడు రెండూ విడిపోయి చాలాసార్లు మాట పలకడానికే రాకుండా పోతుంది. తెలుగులో అక్షరం నిండుగా కదులుతుంది, తిరిగిన మాట కూడా నోటికి పలుకుతుంది. వికటకవి అన్న మాట ఎటు చదివినా అదే అని పిల్లలకు కూడా తెలియడానికి కారణం ఇదే.

ఈ అవస్థ ఒక్కరిది కాకుండా ఇంటిల్లిపాదిదీ కావడానికి కారణం మాటల పంపకంలో ఉంది. తెలుగు మాటలు ఎప్పుడూ ఒకే మనిషి దగ్గర పోగుపడి లేవు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలకే సరిపోయింది. చేనేత మాటలకు మరో సంపుటం కావలసి వచ్చింది. ఒక్క నాగలి భాగాలకే సీమకో పేరు. అలాంటప్పుడు గళ్ళలో బోదె అడిగితే పొలం వెళ్ళేవాళ్ళను పిలవాలి, కవ్వమో ఉట్టో అడిగితే వంటింటి వైపు కేక వెయ్యాలి, పద్మానికి అచ్చతెలుగు మాట అడిగితే తమ్మి అని చెప్పగల పెద్దల దగ్గరికి పోవాలి. తమ్మిలేరు ఏలూరు ఊళ్ళోంచే పారుతున్నా ఆ పేరులో తమ్మి ఉందని ఎంతమందికి తడుతుంది? లంక అంటే బడిపిల్లలు రావణుడి ఊరు అంటారు, కొల్లేటివాళ్ళు తమ ఊరే అంటారు, ఆధారం రాసినవాడు ఆ రెండు అర్థాల మధ్య దాక్కుంటాడు. పత్రిక ఇంటికి ఒకటే, అందులో గళ్ళ పట్టిక ఒకటే. పొయ్యి మీద పాలు చూసుకుంటూ, పిల్లల లెక్కలు దిద్దుతూ, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ సాగే ఆ పనిని ఇంటి రద్దీ చెడగొడుతుందని అనుకోవడం పొరపాటు. ఆ రద్దీలోనే జవాబులున్నాయి. శబ్దరత్నాకరం నిఘంటువు 1885లోనే వచ్చింది, నిజమే. కాని నిఘంటువుకు మాట చెబితే అర్థం చెబుతుంది. అర్థం చెప్పి మాట అడగాలంటే మనుషులే కావాలి.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. ఒక కాలంలో ఇది జూదం. బహుమతుల గళ్ళ పోటీలు దేశమంతా డబ్బు గుంజాయి. ఆ పోటీల కిటుకు ఆధారంలోనే ఉండేది. రైతుకు ఇదే ప్రాణం అని రాసి, రెండు గళ్ళిచ్చి, రెండో గడిలో రు వేశారనుకుందాం. నీరు సరిపోతుంది, ఏరు సరిపోతుంది, పైరు కూడా సరిపోతుంది. ఏది ఒప్పో నిర్వాహకుడు ముందే మూసిపెట్టిన కవరు తేలుస్తుంది. అక్కడ తెలివికి పని లేదు, ఎన్ని కూపన్లు పంపితే అంత ఆశ. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసిందంటే దానికి ముందు రాష్ట్రాల శాసనసభలు అడిగాయి గనక. అడిగిన రాష్ట్రాల్లో అప్పటికి ఏలూరు ఉన్న ఆంధ్ర రాష్ట్రమూ ఉంది, హైదరాబాదు రాష్ట్రమూ ఉంది. నెలకు వెయ్యి రూపాయలు మించిన బహుమతులున్న పోటీలను ఆ చట్టం నిషేధించింది. అక్షరాల, మాటల, అంకెల కూర్పు మీద నడిచే ఏ చిక్కుకైనా బహుమతి ప్రకటిస్తే అది దాని కిందికి వస్తుందని నిర్వచించింది. ఆ నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే బహుమతి పెట్టిన న్యస్తాక్షరి కూడా నేరమే! అయితే 1957లో సుప్రీంకోర్టు ఆర్‌.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా కేసులో గీత గీసింది. చట్టం పట్టుకోవలసింది అదృష్టం మీద నడిచే పోటీలను, నేర్పు మీద నడిచేవాటిని కాదు అని తేల్చింది. నా వాదనకు ఆ తీర్పు సాక్ష్యమనే అనుకుంటాను. బహుమతుల మోజే ఈ అలవాటును నిలబెట్టి ఉంటే, వెయ్యి రూపాయల కట్టడి పడగానే గళ్ళు మాయం కావలసింది. మాయమైనవి కూపన్లు. ఒకే జవాబుండే నిజాయితీ గళ్ళు పైసా ఆశ లేకుండా పత్రికల్లో మిగిలాయి, శ్రీశ్రీ ఆరుద్రల వంటివాళ్ళు వాటికి చెయ్యి పెట్టారు.

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెలో 1897 నుంచీ వీరేశలింగ కవి సమాజం గ్రంథాలయం నడుస్తోంది. గోదావరి సీమలో పత్రికకు పాఠకులు ఎంత ముందుగా తయారయ్యారో చెప్పడానికి ఆ ఒక్క తేదీ చాలు. అలాంటి చోట ఎవరైనా పాత సంచికల కట్ట విప్పి, ఎవరూ నింపని గళ్ళు దొరికితే నింపడానికి కూర్చున్నారనుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లా ముఖ్యపట్టణం అన్న ఆధారానికి ఇవాళ్టి బడిపిల్ల భీమవరం అని రాయబోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అదే సరైన జవాబు. కాని భీమవరానికి నాలుగు గళ్ళు కావాలి, అక్కడ ఉన్నవి మూడు. 1925లో జిల్లా ఏర్పడ్డప్పటి నుంచీ దాదాపు నూరేళ్ళు ఆ మూడు గళ్ళూ ఎవరివో చెప్పాలంటే ఆ పిల్ల ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో కేక వెయ్యాలి.