ఇంకొక్క ఎముక పైకి

1887 జూన్ 9. లండన్ క్వీన్ స్క్వేర్‌లోని నేషనల్ హాస్పిటల్. బల్ల మీద 42 ఏళ్ల కెప్టెన్. కాళ్ళు చచ్చుబడిపోయాయి, మూత్రం దానంతటది రాదు. మూడేళ్లుగా వీపు నొప్పి అని మొత్తుకుంటుంటే నరాల నొప్పి అన్నారు. చివరికి గోవర్స్ అనే వైద్యుడు తేల్చాడు: వెన్నుపామును కణితి నొక్కుతోంది.

సర్జన్ విక్టర్ హార్స్లీ వెన్నెముక తెరిచాడు. కణితి కనబడలేదు. ఇంకొక్క ఎముక పైకి వెళ్ళారు. అక్కడుంది, బాదంపప్పంత. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి నడిచాడు. వెన్నుపాము కణితిని ముందే గుర్తించి, తీసి, రోగిని నిలబెట్టిన తొలి ఘట్టం అదే.

ఆయన నోరు తెరిచి నొప్పి అని చెప్పగలిగాడు. తిరుచానూరులో నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డ చెప్పలేదు. అందుకే నాకు గోవర్స్ తర్వాత గుర్తొచ్చేది మన అవ్వలే. కాళ్ళు చాపి, బిడ్డను బోర్లా వేసుకుని నీళ్ళు పోసే అవ్వ కంటికి ఆ వీపంతా రోజూ కనిపిస్తుంది. ఒక కాలు ఆడించడం తగ్గిందా? మూత్రం చుక్కచుక్కగా కారుతోందా? ఎత్తుకోగానే గుక్కపెట్టి ఏడుస్తోందా? నడుము దగ్గర వెంట్రుకల కుచ్చో, గుంటో, వాపో ఉందా? వాపుంటే నూనెతో పిసకొద్దు. దిష్టి తీయండి, కాదనను. ఆ రోజే డాక్టరుకూ చూపించండి.

పసివాళ్ళలో ఇలాంటి కణితులు చాలా అరుదు. తోకఎముక దగ్గర వచ్చే టెరటోమా అనే కణితి కూడా దాదాపు 35 నుంచి 40 వేల కాన్పుల్లో ఒకరికే. ఆ ఎముకతో సహా తీసేయాలి, లేకుంటే మళ్ళీ పెరుగుతుంది. వెన్నెముక పక్కన పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే కణితి ఒక్కోసారి ఎముకల సందుల్లోంచి దూరి వెన్నుపామును నొక్కుతుంది. పసివాళ్ళలో అది చాలాసార్లు కీమోథెరపీకే తగ్గుతుంది. పుట్టిన తొలి నెలల్లో వెన్ను ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు కాబట్టి మామూలు అల్ట్రాసౌండ్‌లోనే వెన్నుపాము కనిపిస్తుంది. మత్తు అక్కర్లేదు. అనుమానం మిగిలితే ఎంఆర్ఐ.

తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది. అవసరమైతే వేలూరు సీఎంసీ ఉంది. దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో డాక్టర్ జాకబ్ చాండీ మొదలుపెట్టింది అక్కడే. రెండు కాళ్ళూ పడిపోయేదాకా ఆగకండి. ఒక కాలు మందగించిన రోజే బయలుదేరండి.