మెషీన్‌కి ఉమర్ ఎంత? కంప్యూటర్ బీమారీల తారీఖ్



మన మొహల్లాల్లో కంప్యూటర్ గురించి మూడు మాటలు చాలా పక్కాగా వినిపిస్తాయి. విండోస్ అంటేనే వైరస్. మ్యాక్‌కి వైరస్ రాదు, ఏళ్ల తరబడి ఆడుతుంది. లైనక్స్‌కి అసలు బీమారీయే లేదు, కాని అది మనలాంటివాళ్ల పని కాదు. మూడింట్లోనూ కొంత హకీకత్ ఉంది, కొంత గలత్‌ఫహ్మీ ఉంది. ఏది ఎంతో తేల్చుకోవాలంటే తారీఖ్ తిరగేయాల్సిందే.

ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. లాక్‌డౌన్ రోజుల్లో పిల్లల క్లాసుల కోసం అప్పో సప్పో చేసి కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లు మన ఇళ్లల్లో చాలానే ఉన్నాయి. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. "ఇది ఇక ఖతం, కొత్తది తీసుకోండి" అని దుకాణంలో అంటే చిట్టీ డబ్బులు తీసి కొనాలా వద్దా? ఒక్కో ఇంటికి ముప్పై నలభై వేల సవాల్ ఇది.

మొదటి వైరస్ విండోస్‌ది కాదు

ఇళ్లల్లో వాడే కంప్యూటర్ల మధ్య బయట తిరిగిన మొదటి వైరస్‌లలో ఒకటి ఎల్క్ క్లోనర్. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే 15 ఏళ్ల పిల్లాడు మజాక్ కోసం రాశాడు. అది ఎక్కింది ఆపిల్ 2 మీద. అంటే "వైరస్ రాదు" అని మనం కసమ్ తినే కంపెనీ ఇంట్లోనే ఆ బీమారీ మొదట కనిపించింది.

మరుసటి ఏడాది ఫ్రెడ్ కోహెన్ అనే తాలిబ్-ఎ-ఇల్మ్ యూనిక్స్ నడిచే పెద్ద మెషీన్ మీద ఇజాజత్ తీసుకుని తజర్బా చేశాడు. అతను వదిలిన వైరస్‌కి మొత్తం సిస్టమ్ చాబీలు దొరకడానికి ఎప్పుడూ గంటకు మించి పట్టలేదు. ఒకసారైతే ఐదు నిమిషాల్లోపే అయిపోయింది. కంప్యూటర్ సందర్భంలో "వైరస్" అనే మాట ఇల్మీ దునియాలో స్థిరపడింది ఆ తజర్బాతోనే.

ఐబీఎం పీసీల మీద మొదటి వైరస్ ఎక్కడ పుట్టిందో మనవాళ్లలో చాలామందికి తెలియదు. లాహోర్‌లో! 1986లో బాసిత్, అమ్జద్ అనే అల్వీ సోదరులు రాసిన "బ్రెయిన్" అది. వాళ్లు సాఫ్ట్‌వేర్ అమ్మే దుకాణదారులు. తమ ప్రోగ్రామ్‌ని దొంగ కాపీలు తీసేవాళ్లను పట్టుకోవడానికే రాశామని తర్వాత చెప్పారు. వైరస్ లోపల తమ పేర్లు, అల్లామా ఇక్బాల్ టౌన్ చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు. దొంగతనం చేసినవాడు తమకే ఫోన్ చేయాలని మక్సద్. ఆ ఫ్లాపీలు చేతులు మారి అమెరికా యూనివర్సిటీల దాకా వెళ్లాయి. దొంగ కాపీకీ వైరస్‌కీ దోస్తీ ఆనాటిదే. నేటికీ తెగలేదు.

1988 నవంబర్ 2న యూనిక్స్ వంతు వచ్చింది. రాబర్ట్ మారిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు 6,000 మెషీన్లను స్తంభింపజేసిందని అంచనా. అప్పటికి మొత్తం నెట్‌లో ఉన్నవే 60,000 దాకా. తేలికైన పాస్‌వర్డ్‌లు, మెయిల్ ప్రోగ్రామ్‌లో వదిలేసిన ఒక కంత. ఇవే దానికి దర్వాజాలు.

కాబట్టి ఇల్జామ్ ఒక్క కంపెనీ మీద వేసి చేతులు దులుపుకోలేం. ఏ ఇంటికైనా దొంగ వచ్చాడు. తేడా తాళాల ఇంతెజామ్‌లో ఉంది.

ఒంటిగది ఇల్లు, సరాయి

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో మొదలైంది. త్వరలోనే అది ఒకే మెషీన్ మీద ఎంతోమంది పనిచేసే సిస్టమ్ అయింది. అంటే అది సరాయిలాంటిది. ప్రతి ముసాఫిర్‌కి తన గది, తన తాళం. మొత్తం సరాయి చాబీల గుత్తి ఒక్క మాలిక్ దగ్గర. ఒక గదిలో దొంగ దూరినా పక్క గదికి వెళ్లడం అంత సులువు కాదు.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ ఒంటిగది ఇల్లు. మనిషి ఒక్కడే, గది ఒక్కటే, లోపల తాళాలెందుకు? దర్వాజా దాటి లోపలికొచ్చిన ప్రోగ్రామ్‌కి ఇల్లంతా ఇజాజతే. ఫ్లాపీల జమానాలో అది సరిపోయింది. విండోస్ 95, 98 కూడా ఆ పునాది మీదే లేచాయి. ఈలోగా ఇంటి ముందు ఇంటర్నెట్ అనే పెద్ద సడక్ పడింది.

మైక్రోసాఫ్ట్ దగ్గర తాళాలున్న ఇల్లు లేకపోలేదు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో వేర్వేరు వాడకందార్లు, వేర్వేరు హక్కులు ఉన్నాయి. 2001లో ఎక్స్‌పీతో ఆ పునాది మామూలు ఇళ్లకూ వచ్చింది. కాని ఇళ్లల్లో పెట్టిన ఎక్స్‌పీలో ప్రతి వాడకందారుకీ మాలిక్ చాబీల గుత్తి చేతికిచ్చేశారు. పాత ప్రోగ్రామ్‌లు ఆ గుత్తి లేకుండా నడవవు మరి. పాత గిరాకీని వదులుకోలేని మజ్బూరీ అది. దాని ఖర్చు మనం కట్టాం.

2000 మేలో "ఐ లవ్ యూ" అనే సబ్జెక్ట్‌తో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన మెయిల్ ప్రపంచమంతా తిరిగింది. 2003లో బ్లాస్టర్, 2004లో సాసర్ పురుగులకైతే మనం ఏమీ నొక్కాల్సిన పని కూడా లేకపోయింది. అప్‌డేట్ లేని మెషీన్‌ని నెట్‌కి తగిలిస్తే చాలు. 2002 జనవరిలోనే బిల్ గేట్స్ హిఫాజత్ అన్నింటికన్నా ముందని తన సిబ్బందికి రాశారు. 2004లో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ తనంతట తానే ఆన్ అయి ఉండటం మొదలైంది. 2007 నాటి విస్టాతో ప్రతి పెద్ద పనికీ "ఇజాజత్ ఇస్తారా?" అని అడగడం మొదలైంది. ఇన్సాఫ్‌గా చెప్పుకుంటే, ఈనాటి విండోస్ ఆనాటి ఒంటిగది ఇల్లు కాదు. తాళాలు బాగానే ఉన్నాయి. కాని డెస్క్‌టాప్‌లలో ఇప్పటికీ ఎక్కువ ఇళ్లు దానివే కాబట్టి దొంగల చూపు కూడా అటే.

మ్యాక్, లైనక్స్‌ల హిసాబ్

2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ పది యూనిక్స్ ఖాందాన్ నుంచే వచ్చింది. సరాయి తాళాలు దానికి పుట్టుకతోనే ఉన్నాయి. అయినా 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ జావాలోని ఒక కంతలోంచి 6 లక్షలకు పైగా మ్యాక్‌లలో దూరింది. మ్యాక్‌కి వైరస్ రాదన్న ఘమండ్ ఆ ఏడాదితో పోయింది.

లైనక్స్‌ని 1991లో ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టాడు. దాని హిఫాజత్‌లో సగం బలం ఒక ఆదత్‌లో ఉంది. ప్రోగ్రామ్ కావాలంటే ఎక్కడో తెలియని సైట్‌లో వెతకరు. సిస్టమ్ వాళ్లే పరీక్షించి పెట్టిన భండార్ లోంచి తీసుకుంటారు. తెలిసిన కిరాణా కొట్టులో సరుకు తెచ్చుకున్నట్టు. కాని 2016లో మిరాయ్ ఏం చేసిందో చూడండి. లైనక్స్ మీద నడిచే సీసీ కెమెరాలు, రౌటర్లలో కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చలేదు. వాటన్నిటినీ ఒక ఫౌజ్‌లా కూడగట్టి పెద్ద పెద్ద సైట్లను పడగొట్టారు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైనక్స్ పనిముట్టులో ఎవరో ఏళ్ల తరబడి భరోసా సంపాదించి దొంగ దర్వాజా పెట్టిన సంగతి బయటపడింది. లాగిన్ అవడానికి అరసెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీయబట్టి అది దొరికింది.

ముస్లిం దేశాల మీద పడిన దెబ్బలు కూడా ఈ తారీఖ్‌లో భాగమే. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం కోసమే తయారైంది. అది విండోస్ మెషీన్లలోంచి లోపలి యంత్రాల దాకా వెళ్లింది. ఇంటర్నెట్‌తో సంబంధం లేని చోటికి యూఎస్‌బీ డ్రైవ్‌ల మీద ప్రయాణించింది. 2012 ఆగస్ట్ 15న, రంజాన్ ఆఖరి అష్రాలో, సిబ్బందిలో ఎక్కువమంది సెలవులో ఉండగా సౌదీ అరామ్‌కోలో సుమారు 30,000 కంప్యూటర్లను షమూన్ తుడిచేసింది. దుశ్మన్ మన క్యాలెండర్ కూడా చదువుతాడు.

మనకు ఇంకా దగ్గరి మిసాల్ 2017 మే 12 నాటి వన్నాక్రై. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ఈ మాల్వేర్ సుమారు 150 దేశాలు తిరిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దీని బారిన పడ్డాయి. ఆ కంతకు మార్చి 14నే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చేసింది. అందరూ ఎక్స్‌పీని తిట్టారు గాని, దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 మెషీన్లు. దవా రెండు నెలల ముందే వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు.

ఉమర్ ఎక్కడ తెగుతుంది

ఇక్కడే మన అసలు సవాల్‌కి జవాబ్ ఉంది. వైరస్ భయం, మెషీన్ ఉమర్ రెండు వేర్వేరు విషయాలు కావు. మెషీన్ ఇనుముగా చావకముందే అప్‌డేట్లు ఆగి చస్తుంది. దవా రావడం ఆగిన రోజు నుంచి ప్రతి కొత్త కంతా తెరిచి ఉన్న దర్వాజాయే.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న ఆ రోజు వచ్చింది. ఎక్స్‌పీ పోయి నాలుగేళ్లయినా మన దేశంలో ఏటీఎంలు దాని మీదే నడుస్తుంటే, 2018 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ గడువు పెట్టి మార్పించాల్సి వచ్చింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. అంటే 2017కి ముందు ప్రాసెసర్ ఎంత తందురుస్త్‌గా ఉన్నా బయటే. ఇలా సుమారు 24 కోట్ల పీసీలు చెత్తకుప్ప చేరవచ్చని కెనాలిస్ సంస్థ 2023లో అంచనా వేసింది.

మ్యాక్ ఇనుము మంచిదే. కాని 2006 దాకా అమ్మిన పవర్‌పీసీ మ్యాక్‌లకు 2009 నాటి సిస్టమ్ ఎక్కలేదు. 2020లో ఆపిల్ సొంత చిప్‌లకు మారింది. 2025లో వచ్చిన టాహో ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిది. పైగా కొత్త మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ మార్చలేం, మరమ్మత్ మన గల్లీ మెకానిక్ చేతిలో ఉండదు. సెకండ్‌హ్యాండ్ మ్యాక్ సస్తాగా దొరికిందని మురిసిపోయే ముందు దానికి ఇంకా ఎన్నేళ్ల అప్‌డేట్లు మిగిలాయో అడగాలి.

ఉమర్ విషయంలో లైనక్స్ చేయి పైనే ఉంది. విండోస్ 11 వద్దన్న మెషీన్ మీద ఈనాటి లైనక్స్, ఈనాటి అప్‌డేట్లతో హాయిగా నడుస్తుంది, అదీ ముఫ్త్‌గా. కేరళ సర్కారీ బడులు ఏళ్లుగా పిల్లలకు లైనక్స్ మీదే నేర్పిస్తున్నాయి. దానికీ హద్దు ఉంది. 32 బిట్ పాత మెషీన్లను 2025లో వచ్చిన డెబియన్ 13 వదిలేసింది. కాని ఆ ప్రాసెసర్లు చాలామటుకు పదిహేనేళ్లు దాటినవి.

నస్తలీఖ్ వేసిన తాలా

మరి మనవాళ్లు విండోస్‌ని ఎందుకు వదల్లేకపోయారు? దానికి ఒక అందమైన కారణం ఉంది. నస్తలీఖ్. మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల అక్షరాల జోడీలను చేత్తో రాసి తయారుచేసిన నూరీ నస్తలీఖ్‌తో 1981లో లాహోర్‌లో జంగ్ అఖ్బార్ అచ్చయింది. 1994లో మన దేశపు ఇన్‌పేజ్ ఆ ఖత్‌ని మామూలు పీసీ మీదికి తెచ్చింది. కాతిబ్‌ల కలం ఆగి ఇన్‌పేజ్ మొదలైంది. ఛత్తా బజార్‌లో రుక్కాల నుంచి మదర్సా కితాబుల దాకా దాని మీదే. ఇన్‌పేజ్ నడిచేది విండోస్ మీద. తెలుగు డీటీపీలో అను ఫాంట్లదీ ఇదే కథ.

దొంగలు ఈ తాళాన్నీ వదల్లేదు. ఇన్‌పేజ్‌లోని ఒక కంతను వాడి, ఉర్దూ దస్తావేజుల్లా కనిపించే ఫైళ్లతో ఆసియా, ఆఫ్రికా బ్యాంకుల మీద దాడులు చేశారని 2016 నవంబర్‌లో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. జబాన్ మీది మొహబ్బత్‌ని కూడా దర్వాజాగా వాడుకున్నారన్నమాట.

ఇప్పుడు ఆ మజ్బూరీ చాలా తగ్గింది. యూనికోడ్ వచ్చాక నోటో నస్తలీఖ్‌లాంటి ముఫ్త్ ఫాంట్లతో లైనక్స్ మీదా, ఫోన్ మీదా ఉర్దూ రాస్తున్నాం. తెలుగు కూడా అంతే. ప్రెస్ నడిపేవాళ్లకు విండోస్ ఇంకా కావాలి. చదువుకునే పిల్లలకు, ఇంటి లెక్కలకు అక్కర్లేదు.

ఇంట్లో ఏం చేయాలి

మెషీన్ విండోస్ 11కి పనికొస్తే మార్చుకోండి. పనికిరాకపోతే, ఇల్లూ చదువుల వరకు లైనక్స్ మింట్ లేదా లుబుంటు వేయించండి. అంతకన్నా ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు ఇంకో డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీ పెట్టించండి. ముసలి మెషీన్‌కి జవానీ తెచ్చే ఖర్చు అదొక్కటే. విండోస్ తప్పదనుకుంటే విండోస్ 10కి 2026 అక్టోబర్ దాకా అదనపు అప్‌డేట్ల ఏర్పాటు ఉంది, దానికి నమోదు చేసుకోండి.

ఏ సిస్టమ్ అయినా "క్రాక్" వేయించకండి. దొంగ చాబీతో తెరిచిన ఇంట్లో అప్‌డేట్లు తరచూ ఆపేసి ఉంటాయి, చాబీ చేసినవాడికి ఆ చాబీ కాపీ తన దగ్గర ఉంచుకోవడం కష్టం కాదు. బ్యాంక్ పనులు ఆ మెషీన్ మీద చేస్తే ఎవరి అమానత్ ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి. పిల్లలకు మాలిక్ చాబీల గుత్తి కాకుండా మామూలు అకౌంట్ ఇవ్వండి. ఆ అలవాటు విండోస్‌లోనూ సగం ఆఫత్‌ని ఆపుతుంది.

ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మనకు చిన్నప్పుడే నేర్పారు. ఆడుతున్న మెషీన్‌ని పారేయడం ఇస్రాఫ్, అప్‌డేట్ లేకుండా నెట్‌కి తగిలించడం లాపర్వాహీ. ఈ రెండింటి మధ్య దారి ఉంది, అది సస్తాది కూడా. చిట్టీ డబ్బులు ఇంట్లో ఆడపిల్ల ఫీజుకు పనికొస్తాయి.