గొంగడి, దావళి, పట్టు

మా అచ్యుతాపురంలో నేడు బట్టలకు కొదవ లేదు. ఇక్కడి బ్రాండిక్స్ వస్త్రనగరం సుమారు వేయి ఎకరాలలో విస్తరించి ఉన్నది. చుట్టుపక్కల పల్లెల ఆడపడుచులు వేల సంఖ్యలో బస్సులెక్కి కుట్టుపనికి పోతారు. అయితే ఆ గోడ పక్కన మేసే గొర్రెల నుంచి ఒక్క నూలుపోగు కూడా రాదు. మా కోస్తా గొర్రెకు ఒంటినిండా పొట్టి వెంట్రుకే గాని ఉన్ని ఉండదు. ఉన్ని గొర్రెను చూడాలంటే తెలంగాణకో అనంతపురానికో పోవాలి.

అక్కడిది దక్కనీ గొర్రె. నల్లనిది, ముతక ఉన్నిది. కురుమలు ఏటా రెండుమార్లు దాని ఉన్ని కత్తిరించి, వింటినారితో ఏకి, ఆడవారు వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంపై గొంగడి నేస్తారు. రంగు అద్దే పని లేదు, గొర్రె నలుపే గొంగడి నలుపు. ఉన్నిపోగులోని మెలికలు గాలిని పట్టి ఉంచుతాయి కనుక చలి ఆగుతుంది. వానలో కొప్పు, పొలంలో పక్క, పెళ్ళిలో పీట కూడా అదే. కురుబలలో ఉన్ని కంకణం వారు, పత్తి కంకణం వారు అని రెండు శాఖలున్నట్లు థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు. పెళ్ళినాడు చేతికి కట్టుకునే దారమే వంశానికి పేరైనదన్నమాట!

ఆ గొర్రె మెల్లగా తరిగిపోతున్నది. మాంసం ధర పెరిగినకొద్దీ కాపరులు ఎత్తయిన నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలో కలిపారు. పుట్టిన పిల్లలకు మాంసం పెరిగింది, ఉన్ని పోయింది. మిల్లు దుప్పటి ధరతో గొంగడి పోటీపడలేకపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు వాటిలో చాలావాటిని పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. మంద పెరగవచ్చు గాని దానితో మగ్గానికి నూలు పెరగదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టని నవ్వుకున్న మనకు ఇప్పుడు ఏరడానికి ఆ వెంట్రుకలూ దొరకవేమో.

పట్టు కథ వేరు. టిప్పు సుల్తాను 18వ శతాబ్ది చివర మైసూరు రాజ్యంలో పట్టుపురుగుల పెంపకాన్ని ప్రోత్సహించాడు. ఆ సరిహద్దునే ఉన్న హిందూపురం, పలమనేరు ప్రాంతాలు మనకు మల్బరీ పట్టుకు నెలవులైనాయి. (మహదేవపూర్ అడవుల మద్దిచెట్లపై పెరిగే దసలి పట్టు మరొక జాతి.) పురుగు మల్బరీ ఆకు తిని నాలుగుమార్లు కుబుసం విడిచి, చంద్రికపై చేరి, తల అటూ ఇటూ ఆడిస్తూ రెండు మూడు రోజుల్లో గూడు కట్టుకుంటుంది. మేలురకం గూటిలో ఒకే పోగు సుమారు వేయి మీటర్లు సాగుతుంది. అయితే లోపలి జీవి సీతాకోకయై గూడు తొలుచుకుని వస్తే ఆ పోగు తెగుతుంది. అందుకే ముందే ఆవిరికో ఎండకో చంపి, మరిగే నీటిలో జిగురు కరిగించి, కొన్ని గూళ్ళ పోగులను కలిపి తీస్తారు. హైదరాబాదు ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య 1990ల నుంచి సీతాకోక వెళ్ళిపోయిన గూటినుంచే నూలు వడికించి అహింసా పట్టును తయారుచేయించారు. తెగిన పోగులు కనుక ఆ నూలును వడకవలసిందే. నిగనిగ తగ్గుతుంది, ధర పెరుగుతుంది.

నాకు వింతగా తోచేది మన మడి. నూలుబట్టను ఏ రోజుకారోజు తడిపి ఆరవేయాలి. పట్టుకూ ఉన్ని దావళికీ ఆ నిర్బంధం లేదు. గొర్రెను చంపకుండా తీసిన ఉన్ని, వేల ప్రాణాలు తీసి తెచ్చిన పట్టు, రెండూ దేవుని ముందు సమానమే. ఇంటి బయట మాత్రం పట్టుకు పీట, గొంగడికి గడప. ఈ లెక్క ఎవరు వేశారో గాని, నేను మాత్రం ఒప్పుకోలేను.

మా నాయనమ్మ దావళి ఇంకా మా ఇంటి ట్రంకుపెట్టెలో ఉన్నది. మొన్న తీసి చూస్తే అంచునంతా చిమ్మెటలు కొట్టేశాయి. దాని మడతలోనే పెట్టిన గంధపు రంగు పట్టుచీరకు చిన్న చిల్లైనా పడలేదు.