గోగునారకు మా ఊరి పేరు

భీమునిపట్నం చరిత్ర అనగానే వలందుల సమాధులతో మొదలుపెట్టడం ఆనవాయితీ. (డచ్చివారికి మన పెద్దలు పెట్టిన పేరు వలందులు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది.) పదిహేడవ శతాబ్దంలో బట్టల వర్తకానికై వారు రావడం, కోట కట్టుకోవడం, 1824 నాటి ఒడంబడిక వల్ల 1825లో ఊరు ఇంగ్లీషువారి పరం కావడం, 1861లో పురపాలక సంఘం ఏర్పడడం, గంటస్తంభం, పావురాలకొండ మీది బౌద్ధ శిథిలాలు... ఈ ఊళ్ళో కాపురముంటున్న నాకు ఈ వరుస కంఠతా వచ్చు. చుట్టాలు వస్తే త్రిప్పి చూపించేవీ ఇవే. అన్నీ నిజాలే. కాని ఈ ఊరి పేరును దేశదేశాల సరకుల చిట్టాలకు ఎక్కించినవి కోటలూ సమాధులూ కావు. మెట్టచేలలో పెరిగిన ఒక మొక్క ఆ పని చేసింది.

ఆ మొక్క గోగు. పాత ఆంగ్ల నిఘంటువులలోనూ వర్తక గ్రంథాలలోనూ దీని నారకు 'బిమ్లీపటం జూట్' అని పేరు, క్లుప్తంగా 'బిమ్లీ'. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో హైబిస్కస్ కన్నాబినస్, అంటే మందారానికి దగ్గరి చుట్టం. మనం గోంగూర అని వండుకునేది దీని ఆకునే (దీని తోబుట్టువైన పుంటికూరనూ ఆ పేరుతోనే పిలుస్తాం). విదేశీ వర్తకుడికి గోనెసంచిగా తెలిసిన బిమ్లీ, ఇక్కడి ఇల్లాలికి పుల్లని పచ్చడి!

తోళ్ళు ఊనేవారు వాడే కరక్కాయలలోనూ ఒక రకానికి 'బిమ్లీలు' అనే పేరుండేది. మరొక రకానికి జబల్పూరు పేరు. సరకు పండిన పల్లెల పేర్లు ఎవరికీ పట్టలేదు, ఓడనెక్కిన రేవు పేరే ముద్రపడింది. భీమిలికి దక్కిన ఈ కీర్తిలో చాలా భాగం విజయనగరం, శ్రీకాకుళం వైపు మెట్టరైతులదని నా అభిప్రాయం.

గోగును నారగా మార్చడం తేలికైన పని కాదు. తొలకరిలో విత్తిన పైరు పూతకు వచ్చే వేళ కోసి, ఆకు రాల్చి, కట్టలు కట్టి, చెరువులోనో గుంటలోనో ముంచి, పైకి తేలకుండా బరువు పెట్టాలి. రెండు మూడు వారాలు నీళ్ళలో ఊరాలి. తక్కువ ఊరితే బెరడు నారను వదలదు. ఎక్కువ ఊరితే నార పీచుపీచై బలం పోతుంది. ఈ సంగతి వేళ్ళతో తడిమి తెలుసుకోవలసిందే. ఆ కుళ్ళు కంపులో, నడుములోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క పుల్ల నుండీ నార ఒలిచి, జాడించి, దండెల మీద ఆరవేయాలి. ఇక్కడే ఈ తీరపు ఎండ అక్కరకు వస్తుంది. ఆరీ ఆరని నార కట్టలోనే బూజు పడుతుంది. వలందుల సమాధుల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ నీళ్ళలో నిలబడినవారి పేర్లు ఏ రాతి మీదా లేవు.

బండ్ల మీద రేవుకు చేరిన నార ఓడనెక్కడమూ ఒక సాహసమే. గోస్తనీ నది కడలిలో కలిసే ఈ చోట ఓడలు ఒడ్డుకు చేరగల ఓడరేవు ఎన్నడూ లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే, అలలను దాటుకుంటూ పడవలు సరకు చేరవేసేవి.

ఈ ఏర్పాటును ఏ యుద్ధమూ చెడగొట్టలేదు. 1890ల నాటి తూర్పుతీరపు రైలుమార్గం విజయనగరం మీదుగా వాల్తేరుకు లోతట్టున సాగిపోయి, భీమిలిని ఒక ప్రక్కకు వదిలేసింది. ఆపైన 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం తెరుచుకుంది. ఓడ నేరుగా గట్టుకు వచ్చి ఆగే చోటు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉండగా, అలలతో పోరాడే పడవలను ఎవరు పిలుస్తారు? నెల్లిమర్లలో, గోస్తనీ ఒడ్డున మా చిట్టివలసలో ఉన్న గోనె మిల్లులు మాత్రం నారకు చాలాకాలం దిక్కయ్యాయి. ప్లాస్టిక్ సంచులు వచ్చి ఆ బేరాన్నీ దెబ్బతీశాయి. చిట్టివలస మిల్లు 2009లో మూతబడింది.

భీమిలి పురపాలక సంఘాన్ని విశాఖ నగరపాలక సంస్థలో కలపడం గురించి చర్చ జరిగితే (2013లో ఆ ఉత్తర్వులు వచ్చాయి, 2021లో ఇక్కడ నగరపాలక వార్డులకే ఎన్నికలు జరిగాయి) నూటయాభై యేళ్ళ సంఘం పోయిందని బాధపడతాం. ఆ బాధ నాకూ ఉంది. కాని చేల సంగతి అంతకంటె పెద్దదనిపిస్తుంది. సముద్రపు రోడ్డు వెంట నేల ధర గజాల లెక్కకు వచ్చింది. భోగాపురం విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగాక ఉత్తరాన కూడా అదే లెక్క. గజాల లెక్కన అమ్ముడుపోయే నేలలో గోగు ఎవరు చల్లుతారు?

ఇక పేరు సంగతి. ఆ నారను ఇప్పుడు లోకమంతా కెనాఫ్ అనే పారశీకపు మూలమున్న మాటతో పిలుస్తోంది. కాగితానికీ, కార్ల లోపలి పలకలకూ వాడుతున్నారట, సంతోషమే. బిమ్లీ అంటే ఊరి పేరని తెలిసినవారు తగ్గిపోతున్నారు.

చదువరులకొక మనవి. గోగు ఊరవేసిన చేతులున్న తాతగారో, అమ్మమ్మగారో మీ ఇంట ఉంటే, ఏ చెరువులో వేసేవారో, నార పదును ఎలా చూసేవారో, బండి ఏ దారిన వచ్చేదో అడిగి వ్రాసిపెట్టండి. మా వైపు ఆ పని తెలిసినవారిలో ఇప్పుడు మిగిలింది చాలా కొద్దిమంది, అందరూ పెద్దవయసువారే.