మాన్యం, చందా, గ్రాంటు: కొత్తగూడ చుట్టుపక్కల కళాపోషణ

కళాసంస్థలకు నగరపాలక సంస్థే ఏటా దరఖాస్తులు పిలిచి గ్రాంటు ఇచ్చే పద్ధతి హైదరాబాదులో ఎన్నడూ వేళ్లూనలేదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో 1961 నుంచి హోటల్ గదుల మీద వచ్చే పన్నులో కొంత తీసి ఊళ్లోని కళాసంస్థలకు పంచుతోంది. హైదరాబాదు మున్సిపల్ చట్టం 1955లో వచ్చింది. కార్పొరేషన్ చేసి తీరాల్సిన పనులు, వీలుంటే చేసే పనులు అని అది రెండు వరుసలు గీసింది. నీళ్లు, మురుగు, వీధిదీపాలు మొదటి వరుసలో ఉన్నాయి. సంస్కృతికి దగ్గరగా వచ్చే పనులకు రెండో వరుసలోనే చోటు దొరికింది. వీలుంటే చేసే పనికి బడ్జెట్లో వీలు చిక్కడం ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. అయినా ఈ నగరంలో కళ దిక్కులేకుండా పోలేదు. దానికి డబ్బు వేరే దారుల్లో వచ్చింది. అందులోనూ రొక్కం కంటే నేల రూపంలో వచ్చిందే ఎక్కువ.

ఆ దారుల్లో అన్నిటికంటే పాతది మాన్యం. హైదరాబాదులో శేరిలింగంపల్లి దగ్గరి కొత్తగూడకు ఒకవైపు గోలకొండ, మరోవైపు ఇరవై కిలోమీటర్ల లోపే పటాన్‌చెరు. పదహారో శతాబ్దిలో పటాన్‌చెరు ప్రాంతాన్ని ఏలిన అమీన్ ఖాన్‌కు పొన్నిగంటి తెలగన్న తన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దానికి పేరు. మియాపూర్ దాటగానే వచ్చే అమీన్‌పూర్ పేరులో ఆ పోషకుడు ఇంకా మిగిలే ఉన్నాడు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెం అగ్రహారం ఇచ్చాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి.

ఒక వ్యక్తికి కాక ఒక బృందానికి దక్కిన పోషణకు మంచి ఉదాహరణ కూచిపూడి. 1672 నుంచి 1687 దాకా గోలకొండను ఏలిన అబుల్ హసన్ తానీషా కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరినే వాళ్లకు అగ్రహారంగా రాసిచ్చాడని సంప్రదాయ కథనం. ఆట మానకూడదన్నది షరతు అని కూడా చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, 1763 నాటి పంపకాల పత్రం ఒకటి ఉంది. ఊరి భూమిని భాగవతుల కుటుంబాలు ఏ లెక్కన పంచుకున్నాయో అందులో ఇంటిపేర్లతో సహా కనిపిస్తుంది. ఇప్పటి గ్రాంటు కాగితానికి ఇంత దగ్గరగా వచ్చే పాత పత్రం మరొకటి దొరకడం కష్టం. లబ్ధిదారులెవరో, వాటా ఎంతో తేలి ఉన్నాయి. తేడా ఒక్కటే. గ్రాంటు ఏడాది తిరగ్గానే అయిపోతుంది. మాన్యం మాత్రం తరాలకు సరిపడా తిండి పెట్టింది.

అసఫ్‌జాహీల కాలానికి పోషణ దర్బారు నుంచి శాఖలకు మారింది. 1914లో ఏర్పడిన పురావస్తు శాఖ గులాం యజ్దానీ చేతుల మీదుగా అజంతా చిత్రాల పరిరక్షణ చేపట్టి, అందుకోసం ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. పుణెలోని భండార్కర్ సంస్థ మహాభారతాన్ని పరిష్కరించి అచ్చువేయడానికి ఏడో నిజాం పదకొండేళ్లపాటు ఏటా 1,000 రూపాయలు, అక్కడ అతిథిగృహానికి 50,000 రూపాయలు ఇచ్చాడు. దూరాన ఉన్నవాళ్లకు అంత ధారాళంగా ఇచ్చిన సర్కారు ఇంటి దగ్గరి తెలుగు సంఘాలను మాత్రం అనుమానంగానే చూసింది. సభ పెట్టాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలంది గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు.

తెలుగువాళ్లు అప్పటికే చందా దారి పట్టి ఉన్నారు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు దాని వెనక నిలిచారు. మొదట అది నడిచింది రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు వారి ఇంట్లో. సభ్యులు చందా కట్టేవారు, ఉన్నవారు విరాళమిచ్చేవారు. తర్వాత వచ్చిన సంస్థలెన్నిటికో ఇదే నమూనా అయింది. చిక్కడపల్లిలో 1966లో మొదలైన త్యాగరాయ గానసభ కూడా ప్రధానంగా సభ్యత్వాలు, హాలు అద్దెలతోనే నెట్టుకొచ్చింది. సంఘాల రిజిస్ట్రేషన్‌కు నిజాం కాలంలోనే 1350 ఫసలీ నాటి చట్టం ఉండేది. 2001 చట్టం దాని స్థానంలోకి వచ్చేదాకా తెలంగాణలోని సంఘాల కాగితాల మీద ఆ ఫసలీ సంవత్సరమే కనిపించేది.

గ్రంథాలయోద్యమం వల్లే నగరవాసి జేబు నుంచి సంస్కృతికి నేరుగా పైసా వెళ్లే ఏకైక ఏర్పాటు కూడా వచ్చింది. అదే గ్రంథాలయ పన్ను, వాడుకలో లైబ్రరీ సెస్సు. 1948లో మద్రాసు రాష్ట్రం, 1955లో హైదరాబాదు రాష్ట్రం గ్రంథాలయ చట్టాలు చేశాయి. ఆ రెంటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ 1960లో కొత్త చట్టం తెచ్చింది. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున స్థానిక సంస్థ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంటు ఫ్లాటుకు ఆస్తిపన్ను 10,000 రూపాయలు పడితే, దానికి సెస్సు కింద 800 రూపాయలు కలిసి బిల్లు 10,800 అవుతుంది. కట్టేవాళ్లలో ఆ వరుసను గమనించేది ఎందరో. నాటకానికి, సంగీతానికి, చిత్రలేఖనానికి ఇలాంటి ఎనిమిది పైసలు ఎవరూ అడగలేదు. సినిమాహాళ్ల మీద వచ్చిన వినోదపు పన్నులో స్థానిక సంస్థలకు వాటా ఉండేది గానీ, అది సాధారణ నిధిలో కలిసి రోడ్లకూ జీతాలకూ పోయేది.

ఆ ఖాళీని రాష్ట్ర అకాడమీలు పూరించాయి. 1957లో సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ ఏర్పడ్డాయి. చిత్రకారులకు లలితకళా అకాడమీ వచ్చింది. 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతికి రవీంద్రభారతి తెరుచుకుంది. అవార్డులు, ప్రచురణలకు సాయం, సంస్థలకు చిన్న గ్రాంటులు, సదస్సులు వీటి పని. కూచిపూడికి శాస్త్రీయ నాట్యంగా గుర్తింపు కోసం వాదన జరుగుతున్న రోజుల్లో, 1959లో, హైదరాబాదులో సదస్సు పెట్టించింది సంగీత నాటక అకాడమీయే. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఈ అకాడమీలను రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం వాటి బాధ్యతలను తనలో కలుపుకుంది. విశ్వవిద్యాలయానికి పాఠ్యక్రమాలు, పరీక్షలు ముఖ్యం. ఊరూరా తిరిగే నాటక సమాజానికి దాని గడపలో అకాడమీ నాటి చనువు దొరకలేదు.

అలాంటి సమాజం ఒకటి కొత్తగూడకు దగ్గర్లోనే, శేరిలింగంపల్లి సురభి కాలనీలో స్థిరపడింది. తోలుబొమ్మలాట కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలుపెట్టిన సంప్రదాయమది. కుటుంబమే సమాజం. తాత రాజు వేషం కడితే మనవడు బాలకృష్ణుడు, కోడలు సత్యభామ, తెర వెనక తాళ్లు లాగేది మేనల్లుడు. మాయాబజార్ ఆడేటప్పుడు లడ్లు వాటంతటవే గాల్లోకి లేచి ఘటోత్కచుడి నోట పడతాయి. యుద్ధఘట్టంలో రెండు బాణాలు నిప్పులు చిమ్ముతూ ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. ఇదంతా సన్నటి తీగలు, కప్పీలు, ఏళ్ల తరబడి కుదిరిన చేతివాటం. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా నటించిన కమలాబాయి ఈ సురభి కుటుంబాల మనిషే. 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని తర్వాతి కాలంలో నడిపిన నాగేశ్వరరావు, అందరికీ తెలిసిన బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. 1996లో నాటక దర్శకుడు బి.వి.కారంత్ సురభి నటులతో కార్యశాల నడిపి, భీష్మతో పాటు బ్రెహ్ట్ నాటకానికి అనుసరణ అయిన బస్తీ దేవత యాదమ్మను తయారుచేయించారు.

ఇలాంటి బృందాలకు నిలకడగా ఊతమిస్తున్నది కేంద్ర సంస్కృతి శాఖ రెపర్టరీ గ్రాంటు. ఇటీవలి నిబంధనల ప్రకారం గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యుడికి వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఇస్తారు. ఏటా లెక్కలు ఆడిటర్‌తో రాయించాలి, డబ్బు దేనికి వాడారో చూపే వినియోగ పత్రం పంపాలి. అది చేరకపోతే తర్వాతి విడత ఆగుతుంది. రంగు తెరలు కుట్టడం వచ్చిన కుటుంబానికి ఫైలు కుట్టడం కొత్త విద్య.

రాష్ట్రం మాత్రం ఈ ప్రాంతంలో నేలనే ఇచ్చింది. 1992లో మాదాపూర్‌లో 65 ఎకరాల్లో శిల్పారామం అనే చేతిపనుల గ్రామం మొదలైంది. అప్పటికి చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు. సైబర్ టవర్స్ 1998 నవంబరులో గానీ తెరుచుకోలేదు. అంటే ఈ దారిలో సాఫ్ట్‌వేర్ కంటే ముందే చేతిపని వచ్చి కూర్చుంది. శిల్పారామాన్ని నడిపేది ఒక సొసైటీ. ప్రవేశ టిక్కెట్టు, దుకాణాల అద్దె, వేదికల అద్దె దాని రాబడి. పోచంపల్లి నేతగాడికో, బిద్రీ పనివాడికో అది చెక్కు ఇవ్వదు. దుకాణం పెట్టుకునే చోటు ఇస్తుంది, వారాంతపు జనాన్ని ఇస్తుంది. ఆరుబయట వేదిక మీద కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లలకు ప్రేక్షకులను ఇస్తుంది. ఆనుకుని ఉన్న శిల్పకళావేదికలో సుమారు 2,500 మంది పడతారు గానీ, చిన్న నాటక సమాజానికి ఆ అద్దె అందదు. ఊరి నడుమ బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన సాంస్కృతిక వేదిక లామకాన్ మరో దారి వెతుక్కుంది. ఒక పాత ఇల్లు, స్వల్ప రుసుము, ఛాయ్ సమోసాల మీద వచ్చే ఆదాయం.

2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమై, కొత్తగూడ నగర పరిధిలోకి వచ్చింది. కళాసంస్థల వరకు దీనివల్ల మారింది స్వల్పం. తెలంగాణ ఏర్పడ్డాక భాషా సాంస్కృతిక శాఖ చురుకైంది, సాహిత్య, సంగీత నాటక అకాడమీలు తిరిగి వచ్చాయి, 550 మంది కళాకారులను తెలంగాణ సాంస్కృతిక సారథి ఉద్యోగాల్లోకి తీసుకుంది. ఇది సంస్థకు గ్రాంటు కాదు, మనిషికి నెల జీతం. తెలంగాణ ఉద్యమంలో ఆడిపాడిన గొంతులు ప్రభుత్వ పథకాల ప్రచారానికి మళ్లాయన్న విమర్శ కూడా దానితోపాటే వచ్చింది.

కళకు కొత్తగా తెరుచుకున్న ఖజానా కంపెనీలది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు చేయాలి. ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలు, హస్తకళలు కూడా ఉన్నాయి. కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతుంది. 2021 ఏప్రిల్ నుంచి ఆ డబ్బు అందుకోదలచిన సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారం నింపి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు చూపాలి. గచ్చిబౌలి అద్దాల మేడల నుంచి సురభి కాలనీ కొద్ది కిలోమీటర్ల దూరమే.