మెతుకు పట్టి చూసే విద్య

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెంతా కెలకక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కాలేయం దగ్గర ఆ మాట సగమే నిజం. సూదితో తీసే ముక్క (బయాప్సీ) సాధారణంగా రెండు సెంటీమీటర్లు మించదు. మొత్తం కాలేయంలో అది సుమారు యాభై వేలవ వంతు. పైగా జబ్బు కాలేయమంతా ఒకే తీరుగా పరుచుకుని ఉండదు. దారప్పోగులాంటి ఆ ముక్కను చూసి మిగతా కాలేయం సంగతి చెప్పవలసినవాడు కాలేయ, జీర్ణకోశ పాథాలజిస్టు. రోగి బతుకులో అంత పెద్ద మాట చెప్పే ఈ డాక్టరు ఎవరో రోగికి దాదాపు ఎప్పుడూ తెలియదు.

ఈ విద్య శవాల దగ్గర పుట్టింది. ఇటలీలోని పాదువాలో మోర్గాన్యి 1761లో, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, సుమారు 700 శవపరీక్షల సారాన్ని గ్రంథంగా వెలువరించాడు. ప్రతి జబ్బుకూ శరీరంలో ఒక చోటు ఉంటుందని ఆ గ్రంథం చూపించింది. స్టెతస్కోపు కనిపెట్టిన లెన్నెక్, గట్టిపడి గడ్డలు కట్టిన కాలేయం రంగును బట్టి 1819లో ఆ స్థితికి సిర్రోసిస్ అని పేరు పెట్టాడు. 1858లో బెర్లిన్‌లో విర్కో జబ్బును వెతకవలసింది కణంలోనని చాటాడు. అంతా గొప్ప జ్ఞానమే. కానీ అప్పటికి రోగి పోయి ఉండేవాడు.

బతికున్న మనిషి కాలేయంలో సూది దించిన తొలి ప్రయత్నం 1883లో పాల్ ఎర్లిక్‌ది. మధుమేహ రోగుల కాలేయంలో గ్లైకోజన్ ఎంతుందో చూడడం ఆయన ఉద్దేశం. ఆ పని అసలు ఫలితం చూపింది మాత్రం 1939లో, కోపెన్‌హాగెన్‌లో. మామూలు పచ్చకామెర్లకు పిత్తనాళంలో జిగురు అడ్డుపడడమే కారణమని విర్కో కాలం నుంచి నమ్ముతూ వచ్చారు. ఇవర్సెన్, రోహోమ్ అనే ఇద్దరు డాక్టర్లు బతికున్న రోగుల నుంచి ముక్కలు తీసి చూస్తే, దెబ్బతిన్నవి కాలేయ కణాలేనని తేలింది. శవాలు దశాబ్దాలు దాచిన నిజాన్ని సన్నటి సూది బయటపెట్టింది. ఆ తరువాత ఇటలీ డాక్టరు మెంగీని 1958లో, సూది కాలేయంలో ఒక్క సెకను మాత్రమే ఉండే పద్ధతి తెచ్చాడు. అదే రోజుల్లో వంగే ఎండోస్కోపు వచ్చి కడుపు, పేగుల లోపలికి దారి తెరిచింది. చూడవలసిన ముక్కలు పెరిగాయి. ముక్కలు చిన్నవయ్యేకొద్దీ చూసే కన్నుకు ప్రత్యేక శిక్షణ అవసరమైంది.

పేగుల విషయంలో ఆ శిక్షణకు పుట్టిల్లు లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి. 1922లో అక్కడ చేరిన కత్‌బర్ట్ డ్యూక్స్, ఆపరేషన్‌లో తీసిన పెద్దపేగు ముక్కలను ఓపికగా కోసి చూసి, 1932లో మలాశయ క్యాన్సర్‌ను మూడు దశలుగా విడదీశాడు. పేగు గోడలోపలే ఉంటే ఎ, గోడ దాటితే బి, లింఫు గ్రంథులకు పాకితే సి. రోగి ఎంతకాలం బతకవచ్చో ముందుగా అంచనా వేయడానికి డాక్టర్లకు ఒక కొలబద్ద దొరికింది. ఆయన స్థానంలోకి 1956లో వచ్చిన బాసిల్ మోర్సన్, సర్జన్ లాక్‌హార్ట్-మమరీతో కలిసి, క్రోన్స్ జబ్బు పెద్దపేగుకూ వస్తుందని 1960లో నిరూపించాడు. అంతకుముందు అలాంటి రోగులను అల్సరేటివ్ కొలైటిస్ కింద జమకట్టేవారు.

కాలేయం వైపు కొన్ని దేశాల పాథాలజిస్టులు ఒకచోట కూర్చుని, దీర్ఘకాలిక హెపటైటిస్‌ను రకాలుగా విడదీసి, 1968లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. వియన్నాలో పుట్టి 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన హాన్స్ పాపర్, బెల్జియంకు చెందిన డెస్మెట్, లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి షాయర్ అందులో ఉన్నారు. తరువాత హెపటైటిస్ వైరస్‌లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1994లో, తాము పెట్టిన ఆ పాత పేర్లు ఇక పనికిరావని రాసినవాళ్ళలో డెస్మెట్, షాయర్ ఇద్దరూ ఉన్నారు. తాము పెట్టిన పేర్లను తామే పక్కన పెట్టగలిగిన ఈ నిజాయితీ ఈ వృత్తి చరిత్రలో అన్నిటికంటే గౌరవించదగ్గదని నా అభిప్రాయం.

మన దగ్గర ఈ కథ శ్రీకాకుళం నుంచి మొదలవుతుంది. 1921లో అక్కడ పుట్టిన వులిమిరి రామలింగస్వామి విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ఆచార్యులై, 1969లో ఆ సంస్థ డైరెక్టర్ అయ్యారు. సహచరుడు ఎన్.సి. నాయక్‌తో కలిసి ఆయన పరిశీలించిన వాటిలో ఒకటి, పసిపిల్లలను పొట్టనబెట్టుకున్న 'ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్'. రెండు మూడేళ్ళ బిడ్డ కాలేయంలో కణాలు ఉబ్బి, మాలరీ హయలిన్ అనే గులాబీరంగు ముద్దలు కనిపించేవి. తాగుడు అలవాటున్న పెద్దవాళ్ళ కాలేయంలో కనబడే గుర్తులు పాలు తాగే బిడ్డలో ఎందుకున్నాయి?

1978లో లండన్‌లో అలాంటి బిడ్డల కాలేయ ముక్కలకు ఆర్సీన్ అనే రంగు వేసి చూస్తే, రాగికి సంబంధించిన ముదురు రేణువులు బయటపడ్డాయి. కూపీ లాగితే రాగి, ఇత్తడి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాల దగ్గర తేలింది. కళాయి లేని పాత్రలో పాలు కాచవద్దని మన అమ్మమ్మలు ఎందుకనేవారో ఇక్కడ గుర్తుకొస్తుంది. పాత్రలు మారాయి, ఆ జబ్బు ఇప్పుడు అరుదైపోయింది.

మరో పాథాలజిస్టు కథ చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆసుపత్రిలో రాబిన్ వారెన్ 1979 జూన్ 11న, తన నలభై రెండో పుట్టినరోజున, ఒక కడుపు ముక్క ఉపరితలం మీద సన్నటి నీలిగీత చూశాడు. కడుపులోని ఆమ్లంలో సూక్ష్మజీవి బతకదని పుస్తకాలన్నీ చెబుతున్న రోజులవి. పక్కవాళ్ళు నమ్మలేదు. ఆయన వెండి లవణంతో చేసే వార్థిన్-స్టారీ రంగు వేశాడు. వంకర సూక్ష్మజీవులు స్పష్టంగా కనిపించాయి. రెండేళ్ళు దాదాపు ఒంటరిగా ముక్కలు పోగుచేశాడు. 1981లో బారీ మార్షల్ అనే యువ డాక్టరు తోడయ్యాక వందమంది రోగులను పరీక్షించారు. 1982 ఈస్టర్ సెలవుల్లో, అలవాటైన గడువు దాటి ఇంక్యుబేటర్‌లో ఉండిపోయిన ప్లేటులో ఆ జీవి పెరిగింది. అదే హెలికోబాక్టర్ పైలోరి. చాలా అల్సర్లకు కారణం అదేనని తేలి, అల్సర్‌కు యాంటీబయాటిక్ మందుగా మారింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అలాంటి ముక్కలను వారెన్‌కు ముందు ఎందరో చూసి పక్కన పెట్టారు.

అలాంటి చూపు అలవడడానికి ఏళ్ళు పడుతుంది. మన దేశంలో ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నరేళ్ళు, ఎండీ పాథాలజీ మూడేళ్ళు, ఆపైన కాలేయ, జీర్ణకోశ విభాగంలో ప్రత్యేక శిక్షణ. అక్కడ పుస్తకం కంటే ఎక్కువ నేర్పేది జంట మైక్రోస్కోపు. ఒకే స్లైడు మీద గురువు కన్ను, శిష్యుడి కన్ను. మధ్యలో కదిలే చిన్న బాణం గుర్తు. ఇది ఎందుకు సిర్రోసిస్ కాదు అని గురువు అడిగితే జవాబు చెప్పగలగాలి. కాలేయ మార్పిడి పెరిగాక ఈ ఉద్యోగానికి రాత్రి వేళలూ వచ్చాయి. దాత కాలేయంలో కొవ్వు ఎంతుందో, అది అమర్చడానికి పనికొస్తుందో లేదో, గడ్డకట్టించి కోసిన ముక్కను చూసి అర్ధరాత్రి నిమిషాల మీద చెప్పాలి. ఆ కాలేయం కోసం పక్క గదిలో ఒక రోగి ఎదురుచూస్తుంటాడు.

మీకో, మీ ఇంట్లోవాళ్ళకో బయాప్సీ జరిగి ఉంటే రిపోర్టును, దాని మీది నంబరును జాగ్రత్త చేయండి. స్లైడు, మైనపు బ్లాకు ల్యాబులో ఉంటాయి. అనుమానం ఉంటే వాటిని అడిగి తీసుకుని మరో కాలేయ పాథాలజిస్టుకు చూపించండి. రిపోర్టు కింద సంతకం చేసిన డాక్టరు పేరు ఒక్కసారి చదవండి.