గనికార్మికుని ప్రశ్న

అమెరికాలోని బొగ్గుగని కార్మికుల సంఘము 1997 నాటి క్యోటో ఒప్పందమును గట్టిగా ఎదిరించినది. అది చూచి, కార్మికులకు భూతాపమును గూర్చిన చింతయే లేదని తలచినవారు కలరు. మాకది తొందరపాటు తీర్పుగా తోచును. వారి ప్రశ్న వేరు: పొగ తగ్గుట లోకమునకెల్ల మేలైనచో, ఆ ఖర్చు మా యింటి పొయ్యి మీదనే ఏల పడవలెను?

ఈ శంకకు వెనుకటి అనుభవము కలదు. 1923లో ఆ దేశపు బొగ్గుగనులలో 8 లక్షల 60 వేలమందికి పైగా పనిచేసినారు. 2020 నాటికి సుమారు 42 వేలమంది మిగిలినారు. వాతావరణ చట్టముల ఊసు పుట్టకముందే యంత్రములు లక్షలమందిని ఇంటికి పంపినవి. గని మూతపడిన ఊరిలో అంగడి మూతపడును, బడి పలుచబడును. అట్టి ఊరిలో పెరిగినవానికి “కొత్త పని నేర్పెదము” అను మాట మీద గురి కుదురుట కష్టము.

త్రోవ చూపినవాడును కార్మికుడే. టోనీ మజోకీ రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడు. పిదప ఒక సౌందర్యసాధనముల కర్మాగారములో పనిచేసి, చమురు, రసాయన, అణు కార్మికుల సంఘమున నాయకుడైనాడు. యుద్ధము నుండి మరలిన సైనికులకు 1944 చట్టము చదువు ఖర్చును, భృతిని ఇచ్చినది. సుమారు 78 లక్షలమంది దానివలన చదువో వృత్తిశిక్షణయో పొందినారు. అణ్వాయుధముల పని ఆగిపోయినచో ఆ కార్మికులకును అట్లే జరుగవలెనని మజోకీ వాదించినాడు. కలుషితమైన నేలను శుద్ధిచేయుటకు 1980లో చట్టము వచ్చినది గదా, మట్టికి నిధి ఉండగా మనిషికేల ఉండరాదని తరువాత అడిగినాడు. ఆ భావమే “న్యాయమైన పరివర్తనము” అను పేర వ్యాపించి, 2015 పారిస్ ఒప్పందపు పీఠికలో చోటుచేసికొన్నది. మజోకీ 2002లోనే గతించినాడు.

పేరు మాత్రము గనులలో రుచింపలేదు. గనికార్మికుడుగా జీవితమారంభించి జాతీయ కార్మికసమాఖ్యకు అధ్యక్షుడైన రిచర్డ్ ట్రంకా, అది ఘనమైన అంత్యక్రియలకు ఆహ్వానమువంటిదని ఎద్దేవా చేసినాడు. ఎత్తిపొడుపైనను అందులో నిజము లేకపోలేదు.

అయినను 2021 ఏప్రిల్‌లో గనికార్మికుల సంఘమే ముందుకు వచ్చి, మార్పును అంగీకరించుటకు తన షరతులను ప్రకటించినది: పని పోయినవారికి వేతనము, కుటుంబమునకు వైద్యము, పింఛను, సౌర, పవన విద్యుత్పరికరముల కర్మాగారములు గనిసీమలలోనే. మరుసటి ఏటి చట్టములో, బొగ్గుధూళి వలన ఊపిరితిత్తులు చెడినవారి నిధికి చేరు పన్ను శాశ్వతమైనది. వేతనపు హామీ అందులో చేరలేదు.